కొత్త అప్‌స్ట్రీమ్‌తో బీజీపీ లేవడం లేదు, లాగ్‌లో 23456 అని ఎవరిదో నంబర్ కనబడుతోంది – సాయం చేయండి

కావలి_ఫైబర్ | రాత్రి 11:38

అందరికీ నమస్కారం. మాది కావలిలో చిన్న ఇంటర్నెట్ సర్వీసు. కేబుల్ టీవీతో మొదలై ఫైబర్‌కి మారాం. ఇన్నాళ్లూ నెల్లూరు వైపు నుంచి వచ్చే ఒక్క లింక్ మీదే నడిపాం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు ఆ ఒక్క లింక్ తెగింది. ఆస్పత్రి నుంచి, మెడికల్ షాపుల నుంచి వచ్చిన ఫోన్లు ఇప్పటికీ గుర్తున్నాయి. అప్పుడే మా నాన్న, నేను ఒక నిర్ణయానికి వచ్చాం, ఒంగోలు వైపు నుంచి రెండో లింక్ తెచ్చుకోవాల్సిందేనని. దేశంలో ఇంటర్నెట్ నంబర్లు ఇచ్చే ఐఆర్‌ఐఎన్‌ఎన్ నుంచి సొంత ఏఎస్ నంబర్ (ఇంటర్నెట్‌లో మా నెట్‌వర్క్‌కి గుర్తింపు సంఖ్య), సొంత ఐపీ బ్లాక్ కూడా తీసుకున్నాం.

ఈ రాత్రి పదిన్నరకి ఒంగోలు లింక్ వెలిగింది. పింగ్ పోతోంది, లాస్ లేదు. రెండు నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీ మాత్రం లేవడం లేదు. ఐడిల్, యాక్టివ్, మళ్లీ ఐడిల్. గంటకు పైగా ఇదే.

మా అసలు నంబర్లు ఇక్కడ పెట్టలేను. ఉదాహరణల కోసం కేటాయించిన 65536 నుంచి 65551 వరకూ ఉన్న వాటినే వాడతాను, లెక్క మాత్రం అచ్చంగా మాది ఎలా ఉందో అలాగే పెడుతున్నా. మా నంబర్ 65540 అనుకోండి. ఒంగోలు అప్‌స్ట్రీమ్ వాళ్లు (మాకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) పంపిన స్ప్రెడ్‌షీట్‌లో వాళ్ల ఏఎస్ నంబర్ 1.1 అని ఉంది. నేను మా సిస్కో రూటర్‌లో "నెయిబర్ 192.0.2.1 రిమోట్-ఏఎస్ 1.1" అని కొట్టాను. రూటర్ ఏమీ అనకుండా తీసుకుంది. కాన్ఫిగ్ చూస్తే అక్కడ 65537 అని కనబడుతోంది. అది సరేనా?

పెన్నా_ప్యాకెట్ | రాత్రి 11:44

అన్నా, ముందు పాస్‌వర్డ్ చూడండి. రెండు వైపులా ఎండీ5 ఒకటేనా? బీజీపీ వాడే 179 పోర్టుని ఏ యాక్సెస్ లిస్టూ ఆపడం లేదు కదా? లాగ్ లైన్ ఉన్నదున్నట్టు పెట్టండి, ఊహ మీద చెప్పలేం.

కావలి_ఫైబర్ | రాత్రి 11:47

పాస్‌వర్డ్ అసలు పెట్టలేదు. లాగ్‌లో వస్తున్నది ఇదీ: నోటిఫికేషన్, సెంట్ టు నెయిబర్ 192.0.2.1, 2/2, పీర్ ఇన్ రాంగ్ ఏఎస్, 2 బైట్లు, 5బీఏ0.

5బీఏ0 ని దశాంశంలోకి మారిస్తే 23456 వచ్చింది. ఆ నంబర్ ఎవరిదో తెలియక టెన్షన్ పట్టుకుంది. మధ్యలో ఇంకెవరైనా దూరారా? వాళ్ల ఇంజనీర్‌కి ఫోన్ చేస్తే "మా వైపు అంతా కరెక్టే, మీ వైపు చూసుకోండి" అన్నాడు.

ఒంగోలు_నాక్ | రాత్రి 11:58

తమ్ముడూ, కంగారుపడొద్దు. మధ్యలో ఎవరూ దూరలేదు.

2/2 అంటే ఓపెన్ మెసేజ్‌లో తప్పు, అందులోనూ పీర్ ఏఎస్ నంబర్ సరిపోలేదని. అంటే టీసీపీ కలిసింది, పోర్టు తెరిచే ఉంది, అవతలి రూటర్ మీతో మాట్లాడింది. "నేను ఫలానా" అని అది చెప్పిన పేరు, మీరు రాసిపెట్టుకున్న పేరు ఒకటి కాలేదు. అందుకని మీ రూటరే తలుపు వేసేసింది. సెంట్ అని ఉంది చూడండి, రిసీవ్డ్ కాదు. ఆ నోటిఫికేషన్ పంపింది మీరే.

23456 ఎవరిదీ కాదు. దాన్ని ఏఎస్ ట్రాన్స్ అంటారు. ఏఎస్ నంబర్లు మొదట్లో 16 బిట్లు, 0 నుంచి 65535 దాకా. అవి అయిపోతాయని ముందే తెలిసి 2007 మేలో ఆర్‌ఎఫ్‌సీ 4893 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంతో 32 బిట్లకు పెంచారు. ఇప్పుడు దాని స్థానంలో ఉన్నది 2012 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6793. పెంచడమైతే పెంచారు గానీ, అప్పటికే ప్రపంచమంతా నడుస్తున్న పాత రూటర్లకు రెండు బైట్ల కంటే పెద్ద నంబర్ అర్థం కాదు. వాటికి చూపించడానికని ఒక నంబర్ పక్కన పెట్టారు, అదే 23456. రెండు బైట్లలో పట్టని నంబర్ ఎవరిదైనా సరే, పాత రూటర్‌కి 23456 గానే కనబడుతుంది.

అంటే మీ అప్‌స్ట్రీమ్ వాళ్లది నాలుగు బైట్ల నంబరే, అందులో అనుమానం లేదు. ఆ నంబర్ ఏమిటన్నదే ఇప్పుడు తేలాలి.

మైపాడు_అల | అర్ధరాత్రి 12:03

అన్నా, నాదొక సందేహం. నేను నెల్లూరులో నెట్‌వర్కింగ్ నేర్చుకుంటున్నాను. ఇక్కడ రెండు రూటర్లూ కొత్తవే కదా? రెండింటికీ 32 బిట్లు వచ్చు కదా? మరి 23456 ఎందుకు రావాలి?

ఒంగోలు_నాక్ | అర్ధరాత్రి 12:10

మంచి ప్రశ్న అడిగావమ్మా.

ఓపెన్ మెసేజ్‌లో "నా ఏఎస్" అని ఒక గడి ఉంటుంది. దాని వెడల్పు రెండు బైట్లే. ఆ గడిని పెంచితే పాత రూటర్లు ఓపెన్ మెసేజ్‌నే చదవలేవు, అందుకని దాన్ని ముట్టుకోలేదు. కొత్త రూటర్ కూడా ఆ గడిలో 23456 అనే రాస్తుంది. అసలు నంబర్‌ని అదే మెసేజ్‌లో కింద, కేపబిలిటీల (తనకు ఏమేం వచ్చో చెప్పే) జాబితాలో, 65వ కోడ్ కింద నాలుగు బైట్లుగా పెడుతుంది. అవతలి రూటర్‌కి ఆ కోడ్ తెలిస్తే అక్కడ చదువుకుంటుంది, తెలియకపోతే వదిలేస్తుంది.

మన వాళ్ల లాగ్ పైగడిని మాత్రమే చూపించింది. కావలి తమ్ముడూ, ఆ పోర్టు మీద ప్యాకెట్ క్యాప్చర్ పెట్టగలవా? ఓపెన్ మెసేజ్ ఒక్కటి దొరికితే చాలు. అందులో 41 04 తర్వాత వచ్చే నాలుగు బైట్లు ఇక్కడ పెట్టు. హెక్స్‌లో 41 అంటే మామూలు లెక్కలో 65, 04 అంటే పొడవు.

పెన్నా_ప్యాకెట్ | అర్ధరాత్రి 12:12

ఈలోపు సెషన్‌ని షట్‌డౌన్‌లో పెట్టకండి, క్యాప్చర్‌కి ఏమీ దొరకదు.

కావలి_ఫైబర్ | అర్ధరాత్రి 12:31

పట్టాను. వాళ్ల వైపు నుంచి వచ్చిన ఓపెన్‌లో ఇలా ఉంది:

41 04 00 01 00 0ఏ

నా వైపు నుంచి పోయినదాంట్లో 41 04 00 01 00 04. నాది 65540, అంటే 65536 కి 4 కలిపితే సరిపోయింది. వాళ్లది చివర 0ఏ, అంటే పది. 65536 కి 10 కలిపితే 65546. నేను పెట్టిందేమో 65537. తొమ్మిది తేడా ఎక్కడి నుంచి వచ్చింది? షీట్‌లో 1.1 అనే ఉంది, ఇప్పుడే మళ్లీ చూశాను.

మాస్టారు_సింగరాయకొండ | అర్ధరాత్రి 12:40

నాయనా, వాళ్లు షీట్‌లో కొట్టింది 1.10. షీట్ దాన్ని దశాంశ భిన్నం అనుకుని చివరి సున్నా తీసేసింది. మనకు రూపాయి పది పైసలు 1.1 అన్నా 1.10 అన్నా ఒకటే. ఏఎస్ నంబర్‌లో ఒకటి కాదు. అక్కడ చుక్క దశాంశ బిందువు కాదు, రెండు వేర్వేరు అంకెల మధ్య గోడ. ఎడమ వైపు 1, కుడి వైపు 10. ఎడమదాన్ని 65536 తో గుణించి కుడిదాన్ని కలపాలి.

1.1 అయితే 65536 + 1 = 65537. నువ్వు పెట్టింది అదే.
1.10 అయితే 65536 + 10 = 65546. వాళ్లది అదీ.

రిమోట్-ఏఎస్ 65546 అని చుక్క లేకుండా కొట్టి చూడు.

కావలి_ఫైబర్ | అర్ధరాత్రి 12:44

మాస్టారూ, లేచింది! పాత లైన్ తీసేసి 65546 పెట్టిన మరుక్షణమే ఎస్టాబ్లిష్డ్. రూట్లు వస్తున్నాయి. మా నాన్న పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు, "ఒక్క సున్నాకి రెండు గంటలా" అన్నాడు.

అందరికీ చేతులెత్తి నమస్కారం.

పెన్నా_ప్యాకెట్ | అర్ధరాత్రి 12:46

సంతోషం అన్నా. మా ఆఫీసులో వాడే షీట్ ఇప్పుడే తెరిచి చూశాను. అందులోనూ ఒకటి చుక్కతో ఉంది. పొద్దున్నే మార్పిస్తా.

మైపాడు_అల | అర్ధరాత్రి 12:51

మాస్టారూ, అసలు ఈ చుక్క ఎందుకు పెట్టారు? 65546 అని రాస్తే ఏం పోయింది?

మాస్టారు_సింగరాయకొండ | రాత్రి 1:15

అమ్మాయ్, ఆ రోజుల్లో నేను టెలికాంలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నంబర్లు ఇచ్చే రిజిస్ట్రీలు 2007 జనవరి 1 నుంచి అడిగినవాళ్లకు 32 బిట్ల నంబర్ ఇవ్వడం మొదలుపెట్టాయి. 2009 జనవరి 1 నుంచి అడగకపోతే 32 బిట్లదే ఇస్తాం, 16 బిట్లది కావాలంటే ప్రత్యేకంగా అడగాలన్నాయి. 2010 జనవరి 1 నుంచి ఆ తేడా కూడా తీసేశాయి. ఈ మధ్యకాలంలో నంబర్ ఎలా రాయాలన్నది తేలలేదు. ఐపీ అడ్రస్‌లో చుక్కలు అలవాటైన చేతులు కదా, రెండు 16 బిట్ల ముక్కలుగా చుక్క పెట్టి రాస్తే పాత, కొత్త నంబర్ల తేడా ఇట్టే తెలుస్తుందని కొందరు అలా మొదలుపెట్టారు.

చివరికి 2008 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 5396 వచ్చింది. రాసింది ఆసియా-పసిఫిక్ రిజిస్ట్రీ ఏపీనిక్‌కి చెందిన జెఫ్ హ్యూస్టన్, జార్జ్ మైఖేల్సన్. అందులో మూడు రకాల రాతల్ని పక్కపక్కన పెట్టారు. ఏఎస్‌ప్లెయిన్ అంటే మామూలు అంకె: 65526 ని 65526 అనీ, 65546 ని 65546 అనీ రాయడం. ఏఎస్‌డాట్ ప్లస్ అంటే అన్నింటికీ చుక్క: 0.65526, 1.10. ఏఎస్‌డాట్ ఈ రెంటికీ మధ్యరకం: 65535 వరకూ మామూలుగా, ఆపైన చుక్కతో. అంటే 65526, 1.10. ఈ మూడింటిలో ఏఎస్‌ప్లెయిన్‌నే వాడదామని ఆ పత్రం తేల్చింది. కావలి అబ్బాయిని ఏడిపించిన 65546 కూడా ఆ పత్రంలోని ఉదాహరణే.

కారణం కూడా చెప్పారు. అప్పటికే జనం రాసుకున్న ప్రోగ్రాములు, ఫిల్టర్లు ఏఎస్ నంబర్ అంటే ఉత్త అంకె అనుకునే రాశారు. చుక్క పెడితే అవన్నీ తప్పుతాయి. ఫిల్టర్లలో అక్షరాల నమూనా రాసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో చుక్కకి వేరే అర్థం ఉంది, "ఏ అక్షరమైనా సరే" అని.

మన దేశంలో ఇది ఇంకా ముఖ్యం. ఏపీనిక్‌కి వచ్చిన 32 బిట్ల నంబర్లు 131072 దగ్గర మొదలవుతాయి. అది 65536 కి సరిగ్గా రెట్టింపు, చుక్క రాతలో 2.0. మన చిన్న చిన్న సర్వీసులకు ఈమధ్య వచ్చినవన్నీ దాదాపు 13, 14, 15 లతో మొదలయ్యే ఆరంకెల నంబర్లే. చుక్క పెట్టి రాస్తే అన్నీ "2." తోనే మొదలవుతాయి. చుక్క తర్వాతి భాగం సున్నాతో ముగిసే ప్రతి నంబర్‌నీ షీట్ కొరుక్కుతింటుంది. 2.4500 అని రాస్తే 2.45 అయి కూర్చుంటుంది. అది పూర్తిగా వేరే నంబర్, వేరే ఎవరిదో.

ఒంగోలు_నాక్ | రాత్రి 1:22

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాట మాస్టారు తెచ్చారు కాబట్టి నేను కళ్లారా చూసింది చెబుతాను. నేను అంతకుముందు పనిచేసిన చోట ఒక రాత్రి షిఫ్టులో ఎవరో "బీజీపీ ఏఎస్‌నొటేషన్ డాట్" అని కొట్టారు. చూడ్డానికి బాగుంటుందని. డిస్‌ప్లే మారింది. ఆ కమాండ్ డిస్‌ప్లేతో ఆగదు. సిస్కోలో ఏఎస్ పాత్ (రూట్ దాటి వచ్చిన ఏఎస్ నంబర్ల వరస) ఫిల్టర్లు పోల్చి చూసే రూపం కూడా దాంతోపాటే మారిపోతుంది. తర్వాత సెషన్లు క్లియర్ చేశారు, ఎందుకంటే ఆ మార్పు పూర్తిగా అమలవ్వాలంటే హార్డ్ రీసెట్ చేయమని వాళ్ల పుస్తకంలోనే ఉంది. అంతే. _65546_ అని రాసుకున్న ఫిల్టర్ దేనికీ తగల్లేదు. పాత్‌లో ఇప్పుడు ఉన్నది 1.10 కదా. ఆ కస్టమర్ రూట్లన్నీ చివర ఉన్న డెనైకి, అంటే అన్నిటినీ ఆపేసే లైన్‌కి, పోయి పడ్డాయి.

దాన్ని సరిచేయబోయి ఇంకొకరు _1.10_ అని పెట్టారు. అది ఇంకా ప్రమాదం. అందులో చుక్క 1.10 తో పాటు 1010, 1110, 1210 లను కూడా రానిస్తుంది. పాత్‌లో 1 తర్వాత 10 పక్కపక్కన ఉన్నా సరే రానిస్తుంది, ఖాళీ కూడా ఒక అక్షరమే కాబట్టి. రాయాల్సింది _1\.10_ అని, వెనక్కి వాలిన గీతతో. తెల్లవారుజామున నాలుగింటికి ఆ గీత గుర్తుండాలి మరి.

చీమకుర్తి_రూటర్ | ఉదయం 6:35

పొద్దున్నే చూశాను ఇదంతా. కావలి అన్నకు అభినందనలు. నేను మాత్రం చుక్క వైపు ఒక మాట చెప్పాలి.

మేము గ్రానైట్ యూనిట్ల నెట్‌వర్కులు చూస్తాం. క్వారీ, కటింగ్ ఫ్యాక్టరీ, ఒంగోలు ఆఫీసు, చెన్నైలో గోడౌన్. బయటి ప్రపంచానికి సంబంధం లేని లోపలి బీజీపీ. ప్రైవేటు నంబర్లు పాత పద్ధతిలో 64512 నుంచి 65534 వరకు, వెయ్యి చిల్లర మాత్రమే. 2013 లో ఆర్‌ఎఫ్‌సీ 6996 వచ్చాక 4200000000 నుంచి 4294967294 వరకూ ప్రైవేటుకు ఇచ్చారు. ఆ పదంకెల నంబర్‌ని ఎవరు చదవగలరు చెప్పండి? సున్నాలు లెక్కపెట్టడానికే వేలు పెట్టుకోవాలి. నేను 65000.101 క్వారీకి, 65000.102 ఫ్యాక్టరీకి అని పెట్టాను. ఎడమ వైపు కస్టమర్, కుడి వైపు సైటు. అర్ధరాత్రి లాగ్ చూసినా ఎక్కడ తెగిందో వెంటనే చెప్పగలను.

పెన్నా_ప్యాకెట్ | ఉదయం 6:52

నిజమే, అది మంచి వాడకమే. లెక్క వేసి చూశా, 65000.101 అంటే 4259840101. విచిత్రంగా చివర 101 అలాగే కనబడుతోంది! 65000 ని 65536 తో గుణిస్తే చివర నాలుగు సున్నాలు వచ్చాయి కాబట్టి.

చీమకుర్తి_రూటర్ | ఉదయం 6:58

65000 కి మాత్రమే అలా కలిసొచ్చింది తమ్ముడూ. రెండో కస్టమర్ 65001.101 చూడు, 4259905637. అందులో 101 ఎక్కడుంది? అందుకే చుక్క కావాలన్నాను.

మాస్టారు_సింగరాయకొండ | ఉదయం 7:30

చీమకుర్తి బాబూ, నీ అవసరం న్యాయమైనదే. చదవగానే అర్థమయ్యే నంబర్ కావాలన్నావు, అది తప్పు కాదు. ఆ పని చుక్క లేకుండా కూడా అవుతుంది చూడు.

4200000000 లో ముందున్న 42 ని వదిలేయ్. వెనకాల ఎనిమిది అంకెలు నీ చేతిలో ఉన్నాయి, 94967294 దాటనంత వరకూ. మొదటి నాలుగు కస్టమర్‌కి, తర్వాతి నాలుగు సైటుకి ఇచ్చుకో. ఒకటో కస్టమర్ క్వారీ 4200010101. రెండో కస్టమర్ క్వారీ 4200020101. నువ్వు కోరుకున్న అర్థం నంబర్‌లోనే ఉంది, గుణకారం అక్కర్లేదు. షీట్‌లో వేసినా చెడదు, ఫిల్టర్‌లో వేసినా చెడదు. వేరే కంపెనీ రూటర్ కొన్నా అర్థం చేసుకుంటుంది.

చీమకుర్తి_రూటర్ | ఉదయం 7:41

ఇది నాకు తట్టలేదు మాస్టారూ. ఎనిమిది అంకెల్ని నేనే పంచుకోవచ్చు అన్నది... కొత్త సైట్లకి ఇలాగే పెడతాను. పాతవి మాత్రం కదిలించను, నడుస్తున్నదాన్ని ఎందుకు పీకడం. వాటికి చుక్క రాతే ఉంచుతాను.

ఒంగోలు_నాక్ | ఉదయం 7:48

అది సబబు. ఒక్కటే చూసుకో, ఆ ప్రైవేటు నంబర్లు బయటికి పోకుండా ఇంటర్నెట్ వైపు సెషన్ మీద రిమూవ్-ప్రైవేట్-ఏఎస్ ఉండాలి. 65535, 4294967295 ఈ రెండూ ప్రైవేటు కావు, రిజర్వ్ చేసి పెట్టినవి. చివరిదే కదా అని ఎవరికీ ఇవ్వకు.

కావలి_ఫైబర్ | ఉదయం 10:20

నిద్ర లేచేసరికి ఇంత చర్చ జరిగింది! ఇంకో రెండు అడగాలి, ఇదే దారంలో అడిగితే ఏమనుకోకండి.

ఒకటి. మా మైక్రోటిక్ రూటర్‌లో నంబర్ ఎలా పెట్టాలి? నెల్లూరు లింక్ దాని మీదే ఉంది. రెండోది, ఒంగోలు వాళ్ల కాగితంలో "65546:80 కమ్యూనిటీ పెడితే మీ రూట్‌కి ప్రాధాన్యం తగ్గిస్తాం" అని ఉంది. అది పెట్టబోతే రూటర్ ఎర్రర్ ఇస్తోంది. ఇక్కడ చుక్క కూడా లేదు కదా?

పెన్నా_ప్యాకెట్ | ఉదయం 10:33

మైక్రోటిక్ వెర్షన్ 7 లో కనెక్షన్ కింద ఏఎస్ అనే గడిలో రెండు రకాలూ తీసుకుంటుంది, ప్లెయిన్, డాట్. మీరు ప్లెయినే కొట్టండి. జూనిపర్‌లోనూ అంతే, ఏది కొట్టినా తీసుకుంటుంది, చుక్కతో చూపించాలంటే నంబర్ పక్కన ఏఎస్‌డాట్-నొటేషన్ అని చేర్చాలి. సిస్కో ఐఓఎస్ ఎక్స్‌ఆర్‌లో అయితే ఏఎస్-ఫార్మాట్ ఏఎస్‌డాట్ అని వేరే కమాండ్. ఎక్కడైనా సరే లోపల దాచుకునేది ఆ నాలుగు బైట్లే, రాత్రి మీరు క్యాప్చర్‌లో చూసినవే. చుక్క అనేది మనకు చూపించే వేషం మాత్రమే.

ఒంగోలు_నాక్ | ఉదయం 10:45

కమ్యూనిటీ సంగతి. కమ్యూనిటీ అంటే రూట్‌కి తగిలించే గుర్తు; మామూలు కమ్యూనిటీ మొత్తం 32 బిట్లు. రెండు బిందువులకు (:) ఎడమ 16, కుడి 16. ఎడమ వైపు గది 65535 తో నిండిపోతుంది. 65546 ని అందులో ఎలా కూరుస్తావు? రూటర్ ఎర్రర్ ఇవ్వడం న్యాయం. ఆ కాగితం రాసినవాళ్లు ఎప్పుడూ తమ రూటర్ మీద పెట్టి చూసుకున్నట్టు లేదు.

దీనికి పరిష్కారం లార్జ్ కమ్యూనిటీ, 2017 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8092. మూడు గదులు, ఒక్కొక్కటి 32 బిట్లు. 65546:1:80 లాగా రాస్తారు. ఇందులో మామూలు అంకెలే రాయాలని మొదటి నుంచీ నిబంధన, చుక్కకి చోటే లేదు. మైక్రోటిక్ 7 కి వచ్చు, బర్డ్, ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రూటింగ్ సాఫ్ట్‌వేర్లకూ వచ్చు. మీ సిస్కో సాఫ్ట్‌వేర్ పాతదైతే రాకపోవచ్చు, అడిగి చూడండి. అప్‌స్ట్రీమ్ వాళ్లకు కూడా అది చదివే పాలసీ ఉండాలి. ముందు వాళ్లని ఆ కాగితం సరిచేయమనండి.

కావలి_ఫైబర్ | ఉదయం 10:58

అర్థమైంది అన్నా. కమ్యూనిటీ కుదిరేదాకా ప్రీపెండ్‌తో (మా నంబర్‌నే పాత్‌లో మళ్లీ మళ్లీ చేర్చి దారి పొడవుగా చూపించడం) సర్దుకుందామనుకుంటున్నా. వచ్చే ట్రాఫిక్ ముందు ఒంగోలు నుంచి రావాలి, నెల్లూరు బ్యాకప్. నెల్లూరు వైపు మా నంబర్ రెండుసార్లు ఎక్కువ చూపిస్తే చాలు కదా?

మాస్టారు_సింగరాయకొండ | ఉదయం 11:10

చాలు. కానీ ఆగు! నెల్లూరు వైపు ఉన్నది మైక్రోటిక్ అన్నావు. చేయి పెట్టే ముందు ఇది చదువు.

సిస్కోలో ప్రీపెండ్ అంటే నంబర్లు రాయాలి: 65540 65540. మైక్రోటిక్‌లో ప్రీపెండ్ అంటే ఎన్నిసార్లు అన్న లెక్క రాయాలి: 2. ఒకచోట అలవాటైన చేయి ఇంకోచోట పెడితే ఏమవుతుందో 2009 ఫిబ్రవరి 16 న లోకమంతా చూసింది. చెక్ దేశంలో ఒక చిన్న నెట్‌వర్క్, నంబర్ 47868. లెక్క రాయాల్సిన గడిలో తమ ఏఎస్ నంబర్ కొట్టారు. ఆ గడి ఒక్క బైటే. 47868 ని 256 తో భాగిస్తే శేషం 252. రూటర్ వాళ్ల నంబర్‌ని 252 సార్లు వరసగా అతికించి బయటికి పంపింది. ఆ పాత్ ఒక్కో నెట్‌వర్క్ దాటేకొద్దీ ఒక్కో నంబర్ చేరుతూ 255 దాటేసరికి, దూరాన ఎక్కడెక్కడో ఉన్న కొన్ని పాత రూటర్లు తట్టుకోలేక సెషన్లు తెంచుకున్నాయి. అవి మళ్లీ లేచేవి, మళ్లీ అదే పాత్ వచ్చేది, మళ్లీ తెగేవి.

దీనికి తిరగరాత కూడా ఉంది. సిస్కోలో "మూడుసార్లు" అనుకుని ప్రీపెండ్ 3 అని కొట్టేవాళ్లు. అక్కడ 3 అంటే లెక్క కాదు, మూడో నంబర్ ఏఎస్. అది అమెరికాలోని ఎంఐటీ వాళ్లది. ఎవరి పాత్‌లోనైనా కారణం లేకుండా 2, 3, 4 లాంటి చిన్న నంబర్లు కనబడితే ముందు ఇదే అనుమానించాలి.

కావలి_ఫైబర్ | ఉదయం 11:16

నిజం చెబుతున్నా మాస్టారూ, ఆ గడిలో 65540 అని కొట్టి పెట్టి, అప్లై నొక్కే ముందు మీ మెసేజ్ చూశాను. తీసేసి 2 పెట్టాను.

మైపాడు_అల | ఉదయం 11:20

అమ్మో, ఆ క్షణంలోనే వచ్చింది మెసేజ్!

ఒంగోలు_నాక్ | ఉదయం 11:34

ఇంకొకటి చూసుకో తమ్ముడూ. ఆర్‌ఓఏ చేశావా? నీ ఐపీ బ్లాక్‌ని ఏ ఏఎస్ నంబర్ ప్రకటించవచ్చో సంతకం పెట్టి చెప్పే కాగితం లాంటిది అది. అందులో ఉండాల్సింది నీ నంబర్, అప్‌స్ట్రీమ్‌ది కాదు. చుక్క లేకుండా. అక్కడ ఒక్క అంకె తప్పితే నీ సెషన్ లేస్తుంది, రూట్ పోతుంది, నీ వైపు అంతా పచ్చగానే కనబడుతుంది. కానీ ఈ సంతకాలను (ఆర్‌పీకేఐ) తనిఖీ చేసే పెద్ద నెట్‌వర్కులన్నీ నీ రూట్‌ని ఇన్‌వ్యాలిడ్ అని పారేస్తాయి. కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. కారణం తెలియక రోజులు పోతాయి. రాత్రి జరిగింది దీని ముందు చాలా నయం, అక్కడ రూటరే నోరు తెరిచి తప్పని చెప్పింది.

కావలి_ఫైబర్ | మధ్యాహ్నం 12:05

చూశాను అన్నా. ఆర్‌ఓఏలో మా నంబర్ ప్లెయిన్‌గానే సరిగ్గా ఉంది. మన రూట్ బయటివాళ్లకు ఎలా కనబడుతుందో చూపే లుకింగ్ గ్లాస్‌లో చూస్తే ఒంగోలు దారిలో మా నంబర్ ఒక్కసారి, నెల్లూరు దారిలో మూడుసార్లు కనబడుతోంది.

మైపాడు_అల | మధ్యాహ్నం 12:30

మాస్టారూ, సరిచూడండి. చుక్క నుంచి మామూలుకి: ఎడమదాన్ని 65536 తో గుణించి కుడిదాన్ని కలపాలి. మామూలు నుంచి చుక్కకి: 65536 తో భాగిస్తే భాగఫలం ఎడమ, శేషం కుడి. ప్రైవేటు మొదటి నంబర్ 4200000000 తీసుకుని వేశాను. భాగఫలం 64086, శేషం 59904. అంటే 64086.59904. చివరిది 65535.65534. సరేనా?

మాస్టారు_సింగరాయకొండ | మధ్యాహ్నం 12:52

అక్షరాలా సరిపోయింది తల్లీ. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో చేసేటప్పుడు మాత్రం భాగించగానే వచ్చే దశాంశ భాగాన్ని శేషం అనుకోకు. అక్కడ 64086.9140625 అని చూపిస్తుంది. 64086 ని మళ్లీ 65536 తో గుణించి, అసలు నంబర్‌లోంచి తీసేస్తేనే 59904 వస్తుంది. మా పిల్లలు చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

కావలి_ఫైబర్ | సాయంత్రం 5:40

అప్‌స్ట్రీమ్ ఇంజనీర్ ఇందాకే ఫోన్ చేశాడు. రాత్రి మాట్లాడిన అబ్బాయే. షీట్‌లో ఆ వరస మొత్తం టెక్స్ట్‌గా మార్చి, చుక్కలు తీసి మామూలు అంకెలు పెట్టారట. మార్చేటప్పుడు చూసుకుంటే ఇంకో ఇద్దరు కస్టమర్ల నంబర్లు కూడా సున్నా పోయి ఉన్నాయి. వాళ్ల సెషన్లు వచ్చే వారం లేపాల్సి ఉంది. ఇప్పుడు వాళ్లకి ఫోన్ చేస్తున్నానని చెప్పి పెట్టేశాడు.

ఈ రాత్రి రెండింటికి నెల్లూరు లింక్ కావాలనే దించి చూస్తాం. ఒంగోలు దారి ఒక్కటే మోస్తుందో లేదో చూడాలి కదా.

పెన్నా_ప్యాకెట్ | సాయంత్రం 5:52

నేను మేలుకునే ఉంటాను అన్నా. రెండింటికి నెల్లూరు నుంచి మీ బ్లాక్‌కి పింగ్ పెట్టి ఉంచుతా.